నిండు హాజరు

అక్కా,

మూడు రోజులుగా ఇక్కడ ముసురు. రేకుల మీద చినుకుల చప్పుడుకి పరీక్ష గదిలో పని సాగడం లేదు. నా పని చెవితో కదా. తయారైన ఒక్కో ఉక్కు ఆకురాయినీ ఇనుప దిమ్మ మీద తట్టి వింటాను. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల ఎక్కడో పగిలినట్టు. వాన హోరులో రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఇవాళ తలుపు మూసి, కిటికీకి గోనెపట్టా కట్టి, పన్నెండు డజన్లు మాత్రం చూడగలిగాను. నాలుగు ఆకురాళ్ళు పక్కకి తీసేశాను. పళ్ళు కొట్టే మిషను బెల్టు తడిసి జారుతోందని మీ మరిది పొద్దంతా దానితోనే కుస్తీ పట్టాడు. ఉప్పు బాబాయి మాత్రం ఎప్పటిలాగే ఎర్రగా కాలిన ఆకురాళ్ళని ఉప్పునీళ్ళ తొట్టిలో ముంచుతూ, పైన పడే వానని కూడా తనే పంపిస్తున్నట్టు తిట్టుకుంటూ ఉన్నాడు.

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది మూడోది. చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు కాబట్టి సూటిగానే రాస్తున్నాను. మూడేళ్ళుగా నీకు అబద్ధం చెప్తున్నాను అక్కా. మేం రోజూ పనికి వెళ్ళడం లేదు. వారానికి మూడు రోజులే వెళ్తున్నాం, నేనూ ఆయనా కూడా.

ఆ పైదేశపు ఆకురాళ్ళు వచ్చిన ఏడాదే ఇది మొదలైంది. మేం ఒక ఆకురాయికి కొనే ఉక్కు ధరకే వాళ్ళ ఆకురాయి తయారై, డబ్బాలో పడి, సముద్రం దాటి వచ్చేది. ఆరు నెలల్లో మా ఆర్డర్లు సగానికి పడిపోయాయి. ఒకరోజు యజమాని మమ్మల్నందర్నీ కొలిమి ముందు నిలబెట్టి, "ఎవర్నీ పంపను. ఉన్న పని వంతులేసుకుని చేసుకుందాం" అన్నారు. ముప్పై ఎనిమిది మందిమి రెండు జట్లయ్యాం. మాకు కూలి డజన్ల లెక్కన కాబట్టి చేసినంతకే పుచ్చుకున్నాం. కానీ పింఛను ఆఫీసు సంగతి వేరు. ఏడాదిలో ఇన్ని రోజులని హాజరు లేకపోతే ఆ ఏడాది సర్వీసులోకి రాదు. అందుకని యజమాని నన్ను పిలిచి, "అమ్మాయ్, హాజరు పట్టీలో అందరికీ నిండుగా వెయ్యి. పింఛనుకి కట్టాల్సింది నేను కడతాను. మన ఇంటి సంగతి బయటికెందుకు?" అన్నారు. నా రాత బాగుంటుందని పదకొండేళ్ళుగా ఆ పట్టీ నా చేతిలోనే ఉంది. నిండుగానే వేశాను. ఎవరు ఏ రోజు నిజంగా వచ్చారన్నది తగాదాలు రాకుండా వేరే నోటు పుస్తకంలో రాసుకున్నాను. అది నా డ్రాయరులో ఉంది.

నువ్వు కాలు విరిగి మంచంలో ఉన్నప్పుడు సెలవు దొరకలేదని రాశాను చూడు, ఆ వారం నాలుగు రోజులు నేను ఇంట్లోనే ఉన్నాను. వస్తే గొలుసు లేని నా బోసి మెడ చూసి అడుగుతావు. నువ్వు అడిగితే నేను దాచలేను. నువ్వు బావకి చెప్తావు. బావ కొట్లో వేలాడేవి ఆ ఆకురాళ్ళే కదా. ఆయన్ని నేను అనేదేమీ లేదు. కొట్టన్నాక కొనేవాడు అడిగింది పెట్టాలి. కానీ ఆయన మొహం చూసి ఆ మాట నా నోట ఎలా వస్తుంది? అందుకే రాలేదు.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మాదీ ఇంకో రెండు ఫ్యాక్టరీలూ కలిసి ఆ దిగుమతుల మీద సుంకం వెయ్యమని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాం. అవతలివాళ్ళ వకీలు దానికి జవాబు పంపాడు. యజమానిగారి మేనకోడలు, కాగితాల పని చూసే అమ్మాయి, అది గట్టిగా చదివింది. "ఈ ఫ్యాక్టరీకి రోజూ ముప్పై ఎనిమిది మందీ పనికి వస్తున్నట్టు వాళ్ళ పుస్తకాలే చెప్తున్నాయి. అయినా మూడేళ్ళ కిందట చేసిన దాంట్లో సగమే చేస్తున్నారు. కాబట్టి వీళ్ళ నష్టానికి కారణం దిగుమతులు కాదు, పనివాళ్ళ బద్ధకం."

ఉప్పు బాబాయి పటకారు కింద పడేశాడు. "బద్ధకమా? ఆ నల్లకోటాయన్ని ఒక్క పూట నా తొట్టి పక్కన నిలబెట్టండి. కోటూ మిగలదు, కనుబొమలూ మిగలవు!" అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ మాట పుట్టింది నా రాతలోంచి.

వచ్చే గురువారం విచారణాధికారి మా పుస్తకాలు చూడ్డానికి వస్తున్నారు. యజమాని నన్ను పక్కకి పిలిచి, "ఆ నోటు పుస్తకం జోలికి వెళ్ళకు. కేసు పోతే పోతుంది, అందరి పింఛన్లకీ ముప్పు తేలేను" అన్నారు. నేను తలూపాను. కానీ చూపించాలనే నిర్ణయించుకున్నాను. చూపించాక ఆయన ఎదుట నిలబడి పని చెయ్యలేను. మానేసి నీ దగ్గరికి వచ్చేస్తాను. మీ మరిది తర్వాత వస్తాడు. బావ కొట్లో తుడిచే పనైనా సరే, ఇంట్లో ఒక మూల చూపించు చాలు.

నీ చెల్లెలు



టింగూ,

నీ ఉత్తరం నిన్న అందింది. బావకి చెప్తానని భయపడ్డావు కదా, చెప్పలేదు. మొదటినుంచీ చివరిదాకా చదివి వినిపించాను.

నాకు రెండేళ్ళ నుంచీ తెలుసే పిచ్చిదానా. ఇదివరకు నీ ఉత్తరం అంటే నాలుగు వాక్యాలు, అందులో రెండు పని గురించి. తర్వాత మంగళవారం మధ్యాహ్నాలు రాసిన ఎనిమిదేసి పేజీలు రావడం మొదలైంది. చిక్కుడు పాదుకి ఎన్ని పువ్వులు పూశాయో లెక్కపెట్టి మరీ రాశావు. రోజూ పనికి వెళ్ళే మనిషి చిక్కుడు పువ్వులు లెక్కపెడుతుందా? చిన్నప్పుడు కనిపించిన గిన్నెనల్లా టింగుటింగుమని తట్టి చూసేదానివి, నిన్ను తట్టి చూడ్డం నాకు రాదనుకున్నావా? నువ్వే చెప్తావని ఊరుకున్నాను. అలా ఊరుకోవడం నా తప్పు. కాలు విరిగినప్పుడు నువ్వు రాలేదని గోడవైపు తిరిగి ఏడ్చాను. అది నీ తప్పు. ఇద్దరం సమానం, ఇక ఆ మాట వదిలెయ్.

బావ సంగతి విను. ఉత్తరం అయ్యాక కొట్లోంచి ఒక ఆకురాయి తెచ్చి అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత, "టోకు వ్యాపారిని ఒకసారి అడిగాను, ఇంత తక్కువకి ఎలా ఇస్తున్నారయ్యా అని. 'వాళ్ళ దేశంలో ఈ ధరకి వాళ్ళకే దొరకదు, ఇక్కడికి పంపేవాటికే ఈ ధర' అన్నాడు. ఇక్కడి ఫ్యాక్టరీల కొలుములు ఆరిపోయేదాకానే ఈ చవక అని నాకు అప్పుడే అర్థమైంది. అయినా కొన్నాను" అన్నారు. దాన్ని పక్కన పెట్టి, "మన రంపాల ఆయనకి నీ చెల్లెలు ఏం చెప్తుందో అది కూడా కనుక్కో" అన్నారు. రంపాలకి పదును పెట్టే ఆయన పదిరోజులకో ఆకురాయి అరగదీస్తాడు. ఆయనకి ఆ చవకే కూడు. సుంకం పడితే ఆయన జేబు కూడా చిరుగుతుంది. అది మర్చిపోకు.

నువ్వొస్తే మూల కాదు, కిటికీ ఉన్న గదే ఇస్తాను. కానీ పారిపోయి మాత్రం రాకు. ఇంకో మాట. ఆ నోటు పుస్తకం నీ డ్రాయరులో ఉన్నంత మాత్రాన నీదైపోదు. అందులో ముప్పై ఎనిమిది మంది రోజులున్నాయి. అధికారికి చూపించే ముందు వాళ్ళని అడుగు. నీ చేతిలో కలం ఉంది కదా అని అందరి తరఫునా నువ్వే తేల్చేస్తే, మీ యజమాని చేసిందానికీ నువ్వు చేసిందానికీ తేడా ఏముంది?

అక్క



అక్కా,

నీ ఉత్తరం సరిగ్గా బుధవారం అందింది. చదివి కాసేపు నీ మీద కోపమొచ్చింది. తర్వాత వెళ్ళి అడిగాను.

గురువారం పొద్దున్నే, పని మొదలవకముందే, తొట్టి దగ్గరికి అందర్నీ రమ్మన్నాను. ఆ రోజు వంతు లేనివాళ్ళు కూడా వచ్చారు. సంగతి చెప్పాను. చూపిస్తే పింఛనులో మూడేళ్ళూ పోవచ్చు, చూపించకపోతే కేసు పోవచ్చు, రెండూ నా చేతుల మీదుగా జరిగేవే అన్నాను.

"ఇందులో అడగడానికేముంది? ఫ్యాక్టరీయే పోయాక పింఛను ఎక్కడ్నించి వస్తుంది?" అన్నాడు ఉప్పు బాబాయి.

డబ్బాలు కట్టే వదిన ఒక్క ఉదుటున లేచింది. "నువ్వు మాట్లాడకు బాబాయ్! నీ పింఛను ఎప్పుడో గట్టెక్కింది. నాకింకా రెండేళ్ళుంది. ఈ మూడూ కొట్టేస్తే ఐదవుతుంది. ఐదేళ్ళు ఈ మోకాళ్ళతో నిలబడాలి, నీ మోకాళ్ళతో కాదు."

"అయితే వద్దంటావా?"

"వద్దన్నానా? నా మోకాళ్ళ సంగతి కూడా ఒకళ్ళు పైకి అనాలి కదా, అన్నాను. ఆ బద్ధకం మాట నేను కూడా విన్నాను."

నాతో కలిపి ముప్పై ఆరుగురు సరే అన్నారు. ఇద్దరు ఏమీ అనలేదు. కాదని కూడా అనలేదు. వదిన సరేనన్న వాళ్ళలోనే ఉంది, కానీ నావైపు చూడలేదు.

అధికారి మా వయసు ఆవిడే. చెప్పులు బురదతో వచ్చింది, గుమ్మంలో కడుక్కుని లోపలికి నడిచింది. చాలా తక్కువ మాట్లాడుతుంది. టీ ఇస్తే, "పని అయ్యాక" అంది. మేనకోడలు దిగుమతుల గురించి ఆవేశంగా చెప్పబోతే ఆపింది. "చూడండి, చవగ్గా అమ్మడం తప్పు కాదు. తమ దేశంలో అమ్మే ధర కన్నా తక్కువకి ఇక్కడ అమ్మడం, దానివల్ల మీకు దెబ్బ తగలడం, ఈ రెండూ రుజువైతేనే సుంకం. మొదటిది మేం లెక్కకట్టాం, నిజమే. రెండోది మీ పుస్తకాల్లో నాకు కనబడటం లేదు. తయారు తగ్గింది, సరే. కానీ మనుషులు తగ్గలేదు, హాజరు తగ్గలేదు. నన్నేం అనుకోమంటారు?"

యజమాని నేల చూపులు చూస్తున్నారు. నేను లేచి నోటు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆవిడ పది పేజీలు తిప్పి, పక్కన హాజరు పట్టీ తెరిచింది.

"ఇది మీ రాతేనా అమ్మా?"

"నాదేనండి."

"మరి ఇది?"

"అదీ నాదేనండి."

"రెంటిలో ఏది నిజం?"

నేను నోటు పుస్తకం మీద చెయ్యి పెట్టాను. ఎందుకలా రాశానో చెప్పాను. ఆవిడ అంతా రాసుకుని నా సంతకం తీసుకుంది. "ఇది పింఛను ఆఫీసుకి తెలియజెయ్యకుండా ఉండలేను" అంది. తెలుసండీ అన్నాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను అక్కా. కాలేదు. ఆవిడ ఇంకో పుస్తకం తీసింది. "హాజరు సరే. కానీ చేసిందంతా అమ్ముడుపోయినట్టే ఉంది, గోడౌన్‌లో నిల్వే లేదు. మూడో వంతు సరుకు ఒకే కొట్టు కొంటోంది. ఆ కొట్టు ఎక్కడ?" ఆ పేరు మేమెవరమూ వినలేదు. మేనకోడలికీ తెలియదు. యజమాని జేబులోంచి తాళంచెవి తీసి, "రండి, పక్క వీధే" అన్నారు.

తీసుకెళ్ళింది తన ఇంటికి. ముందు గది తలుపు తీస్తే కిటికీ దాకా అట్టపెట్టెలు. మా పెట్టెలే, వదిన కట్టిన పురికొసతో సహా. నడవలో పెట్టెలు. పడకగదిలో మంచం మూడువైపులా నిలువెత్తున పెట్టెలు, మంచం ఎక్కడానికి ఒకవైపు మాత్రం సందు. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయనొక్కరే. మేం ఎవరమైనా ఆ గుమ్మం తొక్కి మూడేళ్ళయింది. మమ్మల్ని ఎందుకు రానివ్వడం లేదో ఎవరికీ తట్టనే లేదు.

"ఆ కొట్టు నేనేనండి" అన్నారాయన. "సరుకు పేరుకుపోతోందని తెలిస్తే వీళ్ళు బెదిరిపోతారు. ఇల్లు తాకట్టు పెట్టి నేనే కొన్నాను."

ఆవిడ మంచం అంచున కూర్చుని రెండు గంటలు లెక్కపెట్టింది. మధ్యలో, "ఇవి మంచి సరుకేనా, తీసేసినవా?" అని అడిగింది. ఆ ఇంట్లో ఇనుప దిమ్మ లేదు. కిటికీ చువ్వకి తట్టి చూపించాను. అన్నీ ఖంగుమన్నాయి. వెళ్ళేముందు ఆవిడ, "నా ఉద్యోగంలో లేని నష్టం చూపించేవాళ్ళనే చూశాను. ఉన్న నష్టం దాచిపెట్టినవాళ్ళని ఇదే చూడటం" అంది. టీ తాగింది.

తిరిగొస్తుంటే యజమాని నా పక్కన నడిచారు. తిడతారనుకున్నాను. "రెండు పుస్తకాలకీ ఒకే రాతేమిటి అమ్మాయ్? ఒకటైనా ఎడమచేత్తో రాయాల్సింది" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాను. ఆయన నవ్వలేదు కానీ, ఫ్యాక్టరీ గేటు దగ్గర నన్ను ముందు వెళ్ళమని ఆగారు.

కాబట్టి మానేస్తానన్న మాట ఇంకా తేల్చలేదు. తీర్పు వచ్చేదాకా ఉంటాను.

నీ చెల్లెలు



అక్కా,

ఇక్కడ ఎండలు ముదిరాయి. కొలిమి పని తెల్లవారగానే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఆపేస్తున్నాం. ఎనిమిది నెలల తర్వాత తీర్పు వచ్చింది. నీకు కబురు ముందే అందినా, వివరంగా రాస్తానన్నాను కదా, ఇన్నాళ్ళకి కుదిరింది.

ఐదేళ్ళపాటు సుంకం వేశారు. మేం అడిగినంత కాదు, మాకు తగిలిన దెబ్బకి సరిపడేంతే. వాళ్ళ ఆకురాళ్ళు ఆగిపోలేదు, వస్తూనే ఉన్నాయి. కాకపోతే మా ధరకి దగ్గరగా వస్తున్నాయి. అంతే. ఆ కాస్తకే ఆర్డర్లు మళ్ళీ మొదలయ్యాయి. పూర్తిగా కాదు, ఇప్పుడు ఒక్కొక్కరికి వారానికి నాలుగున్నర రోజుల పని. వంతులు మానలేదు, పట్టీలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాం. రాసేది నేనే. నేను వద్దన్నాను. మేనకోడలు ఒప్పుకోలేదు. "తప్పు రాసిన చేతికే దాని బరువు తెలుసు పిన్నీ" అంది. ఫ్యాక్టరీ ఇప్పుడు ఆమే చూస్తోంది.

పింఛను ఆఫీసువాళ్ళు ఒక్కొక్కరికి ఏడాదిన్నర కొట్టేశారు. కట్టిన డబ్బు నిజమే కాబట్టి మిగతా సగం ఉంచామన్నారు. రెండేళ్ళే అనుకున్న వదిన మూడున్నరేళ్ళు పని చెయ్యాలి. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతోంది, కానీ ఇదివరకటిలా కాదు. ఆమె నిలబడే చోట ఎత్తుపీట వేయించాను. దానిమీద కూర్చుంటోంది. వేయించింది నేనని ఆమెకి తెలుసు. నాకదే చాలు.

రంపాల ఆయనకి ఏం చెప్పాలో చాలా రోజులు ఆలోచించాను. ఆయన తప్పేమీ లేదు, ఆయన జేబు నిజంగానే చిరిగింది. చివరికి మీ మరిది ఒక మాటన్నాడు. మా ఆకురాయి అరిగిపోతే మళ్ళీ కాల్చి, సానపట్టి, కొత్త పళ్ళు కొట్టొచ్చు. మా అత్తగారి కాలంలో అలా చేసేవారట. కొత్తదాని ధరలో మూడో వంతు అవుతుంది. అరిగినవి పారెయ్యకుండా బావకి ఇమ్మను, డజనయ్యాక పంపండి. ఆయనకిది గిట్టుబాటవుతుందో లేదో నాకు తెలియదు. చూసి చెప్పమను. బావ పంపిన ఆర్డరు నేనే విప్పాను. కాగితం చివర "మరదలు తట్టి చూసినవే కావాలి" అని రాశారు. దాన్ని మీ మరిది పరీక్ష గది గోడకి అంటించాడు. ఉప్పు బాబాయి రోజూ వచ్చి అది పైకి చదివి, "తొట్టిలో ముంచినవాడికి ఎవరూ ఏమీ రాయరు" అని మూతి ముడుచుకుని వెళ్తున్నాడు. బావచేత ఆయనకీ ఒక ముక్క రాయించు.

కాబట్టి ఉండిపోవడానికి నేను రావడం లేదు. కిటికీ ఉన్న గది ఎవరికీ ఇవ్వకు. వచ్చే నెల మొదటి వారం ఆరు రోజులు సెలవు పెట్టాను, వస్తున్నాను. మెడ ఇంకా బోసిగానే ఉంది, చూసుకో, అడుగు, చెప్తాను.

ఒకటి మిగిలింది. యజమాని ఇంట్లో ఉన్న పెట్టెలే ముందు అమ్మారు. అన్నీ అమ్ముడుపోయాయి. ఆ డబ్బుతో అప్పు తీరలేదు, ఇల్లు బ్యాంకుకి పోయింది. ఫ్యాక్టరీలోనే ఒక గది వేయిస్తామని మేం అందరం అడిగాం. ఆయన వినలేదు. "అబద్ధపు కొట్టు నడిపినవాణ్ణి, కొత్త పుస్తకాల పక్కన నేనెందుకు?" అన్నారు. వాళ్ళ చెల్లెలి ఊరికి వెళ్తానన్నారు. ఎవరూ పని ఆపి రావద్దని చెప్పారు. ఎవరూ పని ఆపలేదు. ఒక బట్టల పెట్టె, ఒక గొడుగు తీసుకుని, నిన్న సోమవారం పొద్దున పదకొండు గంటల బస్సుకి ఆయన వెళ్ళిపోయారు.

నీ చెల్లెలు